ఎడమచేతి ఊరు

మహల్లా
జూన్, శుక్రవారం

మీరు మా పుస్తకం ఎత్తుకుపోయారు.

‘తీసుకున్నారు’ అని రాసి కొట్టేశాను. అడక్కుండా తీసుకుంటే మా మహల్లా ఊరి నూలుమిల్లులో దాన్ని ఎత్తుకుపోవడమే అంటారు. గేటు దగ్గర ఆపి జేబులు తడుముతారు. మిమ్మల్ని తడిమేవాళ్లు లేరు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పిన్నివి కదా అని ఈసారి ‘నువ్వు’ అనడం లేదు. గమనించండి.

మంగళవారం నేను మిల్లులో ఉండగా మీ లైబ్రరీ వ్యాను సయ్యద్ మామ వచ్చి, “మేడమ్ కరీమాన్ తెమ్మంది” అని గిన్నె పుస్తకం పట్టుకుపోయాడట. ఇవాళ దాని బదులు మూడు కొత్తవి దించాడు. ఒక్కోదాని వీపు మీద ఒక్కో చీటీ. మూడు నుంచి ఐదేళ్లు. ఆరు నుంచి ఎనిమిది. తొమ్మిది నుంచి పన్నెండు. కోడిగుడ్లు ఏరినట్టు ఏరారు.

మీరు మా డాబా ఒక్కసారీ ఎక్కలేదు, అందుకని చెబుతున్నాను. డాబా ఉమ్మ్ రిదా అనే పెద్దావిడది. ఒక పక్క పావురాల గూడు, ఒక పక్క బట్టల తీగలు, మధ్యలో మేం. శుక్రవారం తల్లులకు బట్టలుతికే రోజు. పెద్దపిల్లలు చిన్నవాళ్లను మోసుకుని పైకి వస్తారు, మోయకపోతే వాళ్లనీ రానివ్వరు. బసంత్‌కి పన్నెండేళ్లు. చంకలో తమ్ముడు, గౌను అంచు పట్టుకుని చెల్లి. ఆమెను పన్నెండేళ్ల చీటీ కింద కూర్చోబెడితే చంకలో వాణ్ణి ఎక్కడ పెట్టమంటారు, పావురాల గూట్లోనా?

అయినా చదివాను. బాతు పుస్తకం తీస్తే వెనక వరసలో మగపిల్లలు, “ఓహో, దీన్ని బాతు అంటారా, ఇన్నాళ్లూ గాడిద అనుకున్నాం” అని మొదలెట్టారు. సముద్రదొంగల పుస్తకం తీస్తే మూడో పేజీకి ముందు వరసలో జుట్లు పట్టుకున్నారు. తరవాత అందరూ కలిసి అడిగింది ఒకటే. గిన్నె ఏదీ?

ఆ పుస్తకం మీకు గుర్తుందో లేదో. మంచు కురిసే ఊరు. ఒక ముసలమ్మ చారు కాచి చివరి ఇంటికి పంపుతుంది. గిన్నె చేతులు మారుతూ పోతుంది, పోస్టువాడి చేతికి, మంగలి చేతికి, దొంగ చేతికి కూడా. ప్రతి పేజీలోనూ “ఎవరికిది?” అంటారు, “చివరి ఇంటికి” అంటారు. మంచు ఎప్పుడూ చూడని పిల్లలు ఈ జూన్ ఎండలో ఒకరికొకరు దగ్గరగా జరిగి కూర్చున్నారు, చలేస్తోందని. నేను చూశాను. నాకూ చేతుల మీద రోమాలు లేచాయి.

ఇంకొకటి. ఉమ్మ్ రిదాకి జహ్వా అని మనవరాలుంది, ఐదేళ్లది. తల్లి దగ్గర లేదు. మెట్ల మీదే కూర్చుంటుంది, పైకి రాదు, నోరు విప్పదు. గిన్నె మంగలి చేతిలోకి వెళ్లే పేజీలో మెట్ల మీంచి మాట వినిపించింది: “నాలాగే.” ఎవరు అంటే చెప్పలేదు. కానీ ఆ పేజీ నుంచి మెట్లు వదిలి ముందుకొచ్చి కూర్చుంది.

ఎవరు ఫిర్యాదు చేశారో నాకు తెలుసు. మసీదు పక్కన పచారీ కొట్టు హాజీ. వాడికి నవ్వే పిల్లలంటేనే పడదు.

వచ్చే శుక్రవారానికి పుస్తకం నా చేతిలో ఉండాలి.

ఇబ్తిసామ్


అలెగ్జాండ్రియా
జూలై

ఇబ్తిసామ్‌కు, నీ మీద శాంతి, దేవుడి దయ ఉండుగాక.

కోపమొస్తే మీరు అను, ఇంకేమైనా అను, సలాం మాత్రం మింగకు. నీకు ఇబ్తిసామ్, చిరునవ్వు, అని పేరు పెట్టినరోజు మా అక్క ఏం చూసి పెట్టిందో నాకు ఇప్పటికీ తెలీదు.

పుస్తకం నేనే తెప్పించాను. సయ్యద్‌ని తిట్టకు. హాజీని అసలు తిట్టకు, ఆయనకేమీ తెలీదు.

ఆ పుస్తకం అచ్చుతప్పు, తల్లీ. ఒక మాట తప్పు కాదు, పుస్తకమంతా తప్పే. అది వేరే దేశం పుస్తకం. వాళ్లవి ఎడమ నుంచి తెరుచుకుంటాయి, మన అరబీవి కుడి నుంచి. వాళ్ల బొమ్మలు ఉన్నవి ఉన్నట్టు వేస్తే మన పిల్లల కళ్లు ఇటు నడుస్తుంటే గిన్నె అటు నడుస్తుంది. అందుకని అచ్చేసినవాళ్లు చొక్కా తిరగేసినట్టు బొమ్మలన్నీ తిరగేశారు. గిన్నె దారిన పడింది. కానీ చేతులు మారిపోయాయి. ఆ ఊళ్లో అందరూ ఎడమచేత్తో ఇస్తారు, ఎడమచేత్తో పుచ్చుకుంటారు, ఎడమచేత్తో తింటారు. గోడ గడియారం వెనక్కి తిరుగుతుంది. దాన్ని ఎంపిక చేసింది నేను. ఎన్నిసార్లు తిరగేశానో లెక్కలేదు, ఒక్కసారీ కనబడలేదు.

మీ ఊరి నుంచి ఒకావిడ సయ్యద్ వ్యాను ఆపి చెప్పి పంపింది. “మా ఇంట్లో ఒక్కదాని ఎడమచెయ్యి మాన్పించలేక నేను చస్తుంటే, మీరు ఊరంతటి చేతా ఎడమచేత్తో తినిపిస్తున్నారు. సైతాను తినే చెయ్యి అది. మీ మేడమ్‌కి చెప్పు.” పేరు అడగకు, చెప్పను. ఆవిడ అన్నది మా డైరెక్టర్ చెవిన పడింది. అన్ని కాపీలూ వెనక్కి రప్పించమన్నారు.

చీటీల సంగతి. అవి నావి కావు, ఆఫీసువి. నేను ఎంచే పద్ధతి వేరే. పుస్తకం తెరిచి బల్ల చివర టీ గ్లాసుకు ఆనించి నిలబెడతాను. ముందు ముక్కు ఆనించి చూస్తాను, నీ ముందు వరస పిల్లలు చూసేది అదే, ఎక్కడో మూల పాకే చీమ. తరవాత వెనక్కి నడుస్తూ తలుపు దాకా పోతాను. అక్కడి నుంచి ఏం కనబడుతుందో అది వెనక వరసకి. తలుపు దగ్గరా ఏదో జరుగుతుండాలి, ముక్కు దగ్గరా ఏదో దాక్కుని ఉండాలి. రెండూ ఉంటేనే పెట్టెలో వేస్తాను. గిన్నె పుస్తకంలో రెండూ ఉన్నాయి, అందుకే మోసపోయాను.

నీకూ ఒక మాట. నువ్వు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదువుతావని సయ్యద్ చెప్పాడు, మసీదులో శుక్రవారం ప్రసంగంలాగా. టామియా వడలు కట్టిన కాగితాలు చదివి ఆ పుస్తకాల భాష నేర్చుకున్నదానివి, నీకది ముద్దు. ఐదేళ్లవాళ్లకి అది పరాయి దేశం భాష. బొమ్మ వైపు చూడు, నోటితో ఇంటి మాట చెప్పు.

నీ అక్షరాలు బాగుపడ్డాయి. కోపంలో ఇంకా గుండ్రంగా వస్తున్నాయి.

మీ పిన్ని
కరీమాన్


మహల్లా
జూలై చివర

పిన్నికి సలాం. ఇదిగో, మింగలేదు.

వ్యాను ఆపిన ఆవిడ ఎవరో నువ్వు చెప్పక్కర్లేదు. ‘మా ఇంట్లో ఒక్కదాని’ అన్నచోటే తెలిసింది. ఉమ్మ్ రిదా. మాకు డాబా ఇచ్చిన మనిషే. హాజీ కొట్టుకెళ్లి పావుకిలో చక్కెర కొన్నాను, అవసరం లేకపోయినా. క్షమాపణ అడగడం నాకు చేతకాదు.

అచ్చుతప్పని మాకు తెలీదనుకున్నావా? నీకంటే ముందే పిల్లలు పట్టేశారు. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు విను.

రెండో శుక్రవారం బసంత్ అడిగింది, “అక్కా, ఈ ఊరి గడియారం తాగి నడుస్తోందా?” అంతే, వెనక వరస అంతా లేచి నా మెడ మీదికి వంగారు. ముందు వరస వాళ్లు లేవలేదు, వాళ్లకి గడియారం ఇంకా రాదు. వాళ్లు వేళ్లు చూస్తున్నారు. మంగలి ఎడమచెయ్యి, పోస్టువాడి ఎడమచెయ్యి, దొంగ ఎడమచెయ్యి. ఒకడన్నాడు, దొంగ కదా, అందుకు. ఇంకొకడన్నాడు, మరి ముసలమ్మో? అందరూ నా మొహం చూశారు. నాకేం తెలుసు?

బసంత్ తమ్ముణ్ణి దింపి కిందికి పరిగెత్తింది. ఉమ్మ్ రిదా పడగ్గదిలో బీరువా తలుపుకి ఉండే అద్దం ఊడిపోయి గోడకి ఆనించి ఉంటుంది. ఇద్దరు మగపిల్లలు దాన్ని శవపేటిక మోసినట్టు మోసుకొచ్చి బట్టల తీగ కింద పెట్టారు. బసంత్ పుస్తకం అద్దానికి చూపించి పట్టుకుంది.

పిన్నీ, నేను మిల్లులో మెషిన్ల దగ్గర నిలబడేదాన్ని, మాటలు వెతుక్కోవడం నాకు రాదు. ఊరు తిరిగింది. గడియారం బుద్ధిగా నడిచింది. మంగలి కుడిచెయ్యి చాపాడు. అక్షరాలు మాత్రం వెనక్కి నడిచే చీమల్లా పాకాయి. పావురాలు కువకువలాడలేదని చెబితే అబద్ధమవుతుంది, అవి వాటి గోల అవి చేస్తూనే ఉన్నాయి. పిల్లలు మాత్రం ముందుకు జరిగి అద్దం చుట్టూ మూగారు. ఒక పుస్తకంలో రెండు ఊళ్లు. ఒకటి మన ముందు, ఒకటి గాజు వెనక. చంకలో వాడు, రెండేళ్లు నిండనివాడు, వెళ్లి అద్దం వెనక వెతికాడు.

అప్పుడు జహ్వా లేచింది. చేతిలో జున్ను పెట్టిన రొట్టె ముక్క ఉంది, ఎడమచేతిలో. ఆ పిల్లకి ఆ చెయ్యే వస్తుంది. ఇంట్లో దాక్కుని తింటుంది. అద్దం ముందు నిలబడి కొరికింది. చాలాసేపు చూసింది.

“ఆ పిల్ల కుడిచేత్తో తింటోంది” అంది.

అందరూ లేచి చూశారు. నిజమే పిన్నీ, అద్దంలో పిల్లది కుడిచెయ్యే. అప్పుడే ఉమ్మ్ రిదా అద్దం వెతుక్కుంటూ పైకి వచ్చింది. ఆవిడకి ఏం కనబడిందో ఇప్పుడు అర్థమవుతోంది. నా తీగల కింద నా అద్దం, నా మనవరాలు ఎడమచేత్తో తింటోంది, ఊళ్లో పిల్లలంతా అబ్బురంగా చూస్తున్నారు.

ఈ వారం జహ్వా గౌను ఎడమ చేతికొస కుట్టేసి ఉంది. సంచి మూతి కుట్టినట్టు. చెయ్యి లోపలే ఉంది. నేను కిందికి దిగి అడిగాను. ఆవిడ అరవలేదు.

“బడి తెరిస్తే అక్కడ మాస్టారు కర్రతో మాన్పిస్తాడే. నా కొడుక్కి అలాగే మాన్పించారు, వేలి కణుపు ఇప్పటికీ వంకరే. కర్ర కంటే నా సూది మెత్తన. నీకు పిల్లలుంటే తెలిసేది.”

డాబా ఆవిడది. గట్టిగా అంటే డాబా పోతుంది, అనకపోతే చెయ్యి పోతుంది.

జహ్వా మళ్లీ మెట్ల మీదికి వెళ్లిపోయింది. మాట లేదు. ఆ ఊరు ఒకటుందని దానికి మళ్లీ చూపించాలి. నీ అచ్చుతప్పు పంపు. ఒక్క కాపీ. బడి తెరవకముందే.

నీ మాట ప్రకారం కొత్త పుస్తకాలు ఇంటి మాటలో చదివాను. గిన్నె పుస్తకంలో ‘శైత్యము సోకకమునుపే’ అని ఉండేది కదా, గిన్నె ఇచ్చిన ప్రతివాడూ అనేది. పిల్లలు దాన్ని అప్పుడే “సల్లారిపోద్ది, పద” చేశారు. ఇప్పుడు పుస్తకం లేకుండానే అంటున్నారు. మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ కూడా అదే.

ఇబ్తిసామ్


అలెగ్జాండ్రియా
ఆగస్టు

ఇబ్తిసామ్, తల్లీ, నీకు శాంతి.

చుట్టూ తిప్పి చెబితే నువ్వు ఇంకా తిడతావు. నీ ఉత్తరం రాకముందే నేను సంతకం పెట్టాను. కాపీలన్నీ గోనెసంచుల్లో కాగితం మిల్లుకి వెళ్లిపోయాయి. ఒక్కటైనా దాచుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. తప్పు సరిదిద్దుతున్నాననుకున్నాను. మిల్లుకి ఫోన్ చేశాను, అవతలి మనిషి నవ్వి, “మేడమ్, అది ఇప్పుడు గుడ్లు పెట్టే అట్ట అయి ఉంటుంది” అన్నాడు.

నీ ఉత్తరం ఆఫీసులో చదవలేకపోయాను. చేతులు కడుక్కునే గదిలోకి వెళ్లాను, అక్కడ ఒక అద్దం ఉంది. అల్మరాలోంచి ఏదో ఒక పుస్తకం తీసుకెళ్లి పట్టుకున్నాను. చిన్నపిల్ల రాసుకుంటున్న బొమ్మ. అద్దంలో ఆ పిల్ల చెయ్యి మారింది. ఇన్నేళ్లుగా పిల్లల పుస్తకాలు ఎంచుతున్నాను, ముక్కు ఆనించి చూశాను, తలుపు దగ్గర నిలబడి చూశాను. అటువైపు నుంచి చూడలేదు. అక్కడే నిలబడి ఒక్కో పేజీ తిప్పుతూ పోయాను. మా ఆఫీసు నిస్రీన్ వచ్చి, “ఒంట్లో బాగాలేదా మేడమ్?” అని అడిగేదాకా టైము తెలీలేదు.

పిల్ల ‘నాలాగే’ అన్నప్పుడు ఏం చూసి అంటోందో మనకి తెలిసే దారి లేదు. మనం ఎంచేది పుస్తకాన్ని. వాళ్లు దాంట్లోంచి ఎంచుకునేది వాళ్లే ఎంచుకుంటారు.

ఉమ్మ్ రిదాతో పోట్లాడకు. ఆవిడ భయం ఉత్తిది కాదు.

నన్ను ఎంతైనా తిట్టు, పడతాను.

పిన్ని


మహల్లా
సెప్టెంబర్, శనివారం

పిన్నీ, శాంతి నీకు. పడతానన్నావు, ఇదిగో పడు. గుడ్ల అట్ట! పిల్లలకి చదివి వినిపించాను నీ ఉత్తరం, ఆ ముక్క దాకా. బసంత్ చెల్లి ఏడ్చింది. వెనక వరసలో ఒకడు, “అయితే ఇకనుంచి గుడ్లు ఎడమచేత్తో తినాలి” అన్నాడు. ఏడుస్తూ నవ్వారు. నేనూ.

ఆ తరవాత జరిగింది చెబుతాను. నేను తలపెట్టింది కాదు, నాకు అలాంటివి తోచవు.

పుస్తకం మనమే చేద్దామంది బసంత్. మిల్లు స్టోరు నుంచి నూలుకండెలు చుట్టే గోధుమరంగు కాగితం అడిగి తెచ్చాను. ఎవరికి ఏం గుర్తుందో చెప్పండి అన్నాను. పెద్దవాళ్లకి పేజీల వరస గుర్తుంది, ఎవరి తరవాత ఎవరో. ఆరేడేళ్లవాళ్లకి మాటలు గుర్తున్నాయి, కామా కూడా పోకుండా. నాలుగేళ్లవాళ్లు అన్నారు, పిల్లి మర్చిపోయారు. ఏ పిల్లి? ప్రతి పేజీలోనూ గిన్నె వెనకే ఒక పిల్లి నడుస్తుందట. పోస్టువాడి సంచిలోంచి తోక, మంగలి కుర్చీ కింద చెవులు. నేను ఎన్ని శుక్రవారాలు చదివానో, ఆ పిల్లిని చూడలేదు. బసంత్ చూడలేదు. వాళ్లు ఒక్కో పేజీకి వేలుపెట్టి చూపించారు, ఖాళీ కాగితం మీద: ఇక్కడ తోక, ఇక్కడ చెవి. ఒకరు చూపించినచోటే ఇంకొకరూ చూపించారు.

పిన్నీ, పుస్తకం పోలేదు. ముక్కలై వాళ్లందరిలో ఉంది. ఏ ఒక్కడి దగ్గరా మొత్తం లేదు, అందరూ కూర్చుంటే మొత్తం ఉంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మిల్లులో మొదటిరోజు ఒకేసారి అన్ని మెషిన్లూ కదిలినప్పుడు ఎలా ఉందో అలా ఉంది. నీ చీటీలు వేసి విడదీసి ఉంటే ఇది ఉండేది కాదు.

జహ్వా మెట్ల మీంచి చూస్తూ ఉంది. ఎవరూ పిలవలేదు. మేం బొమ్మలు గీస్తున్న బొగ్గుముక్క ఒకటి దొర్లి మెట్టు దాకా పోయింది. కుడిచేత్తో తీసి గీసింది, వంకర గీతలు. పారేసింది. అప్పుడు కుట్టిన చేతికొసని పళ్లతో పట్టుకుని లాగింది. రెండు కుట్లు తెగాయి. మూడు వేళ్లు బయటికొచ్చాయి. కుడి అరచెయ్యి మెట్టు మీద పరిచి, ఆ మూడు వేళ్లతో బొగ్గు పట్టుకుని దాని చుట్టూ గీసింది. చెయ్యి ఎత్తింది. మెట్టు మీద చక్కని చెయ్యి ఒకటి మిగిలింది, ఐదు వేళ్లూ విడివిడిగా.

ఉమ్మ్ రిదా ఎప్పుడొచ్చి నిలబడిందో కిందిమెట్టు మీద. ఆవిడ వంగి ఆ బొమ్మ మీద తన చెయ్యి ఆనించి చూసింది.

“ఇది కుడిచెయ్యి” అంది.

“కుడిదే” అన్నాను.

“ఎడమది గీసింది.”

“కుడిది తనను తాను ఎలా గీసుకుంటుంది, అమ్మా?” అంది బసంత్, వెనక నుంచి. ఆ పిల్లకి భయం లేదు.

ఉమ్మ్ రిదా మెట్టు మీదే కూర్చుని, మిగతా కుట్లు కత్తెర లేకుండా గోటితో విప్పింది. విప్పుతూ, “సంతోషపడకండి. రొట్టెకి కుడి, రంగుకి ఎడమ. అదీ బడి తెరిచేదాకానే. ఆ తరవాత మాస్టారు ఎలా ఉంటాడో చూసి చెబుతాను” అంది. తరవాత పొయ్యి దగ్గర నుంచి ఇంకో నాలుగు బొగ్గుముక్కలు తెచ్చి, “గోడలకి పూస్తే తంతాను” అని పడేసి వెళ్లింది.

అప్పటి నుంచి చేతులన్నీ జహ్వాయే గీస్తోంది. ఎవరూ అలా పంచలేదు, ఇంకెవరికీ చేతులు రాలేదు. ముసలమ్మ చెయ్యి, పోస్టువాడిది, దొంగది, అన్నీ ఎడమవే, నీ అచ్చుతప్పులో ఉన్నట్టే. మాట్లాడుతోంది కూడా. ఎక్కువ కాదు. “జరుగు” అంటుంది, “చెయ్యి కదపకు” అంటుంది.

ఇప్పుడు నీతో పని.

ఒక పేజీ లేదు. గిన్నె చివరి ఇంటికి చేరుతుంది, తలుపు తడతారు. ఆ తరవాతి పేజీలో తలుపు కొంచెం తెరుచుకుని ఒక చెయ్యి బయటికొచ్చి గిన్నె పుచ్చుకుంటుంది. చెయ్యి ఒక్కటే, మనిషి కనబడడు. అంతవరకు అందరికీ తెలుసు. ఎలాంటి చెయ్యి అంటే ఎవరికీ తెలీదు. చిన్నవాళ్లు పిల్లి లోపలికి దూరుతుంటే చూశారట. బసంత్ తమ్ముడి నోట్లోంచి బటన్ తీస్తోందట. మధ్యవాళ్లు “సల్లారిపోద్ది” అని అరవడానికి కళ్లు మూసుకునేవాళ్లట. జహ్వాని అడిగాను. ఆ పేజీలో నన్నే చూసిందట, నేను ఏడుస్తున్నానేమోనని.

నన్ను అడుగు. నాకూ తెలీదు. పుస్తకం వాళ్లవైపు తిప్పి పట్టుకునేదాన్ని, ఆ పేజీ వచ్చేసరికి ఎప్పుడూ వాళ్ల మొహాలే చూసేదాన్ని. అలాంటి మొహాలు నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ చేతిని ఒక్కసారీ చూడలేదు.

నువ్వు చూశావు. నీ ముందు మొహాలేవీ లేవు. ఆఫీసులో ఒక్కదానివే కూర్చుని ఎన్నిసార్లో తిరగేశానన్నావు. ముసలిదా, పసిదా, వేలికి ఉంగరముందా, గిన్నెని పైనుంచి పట్టుకుందా, కింద నుంచి పట్టిందా, నాకు రాయి. గుర్తులేకపోతే లేదని రాయి, కల్పించకు. అప్పుడు జహ్వా ఏ చెయ్యి కావాలనుకుంటే ఆ చెయ్యి గీస్తుంది. కానీ ముందు నిన్నడగాలని పట్టుబట్టింది, తప్పు పేజీ గీయనంటోంది.

వచ్చే శనివారం బడి తెరుస్తారు. అంతకుముందు మాకున్నది ఒక్క శుక్రవారం. బుధవారం మధ్యాహ్నం సయ్యద్ మామ వ్యాను అలెగ్జాండ్రియాలో బయల్దేరేలోగా నీ జవాబు ఆయన చేతిలో ఉండాలి.

ఇబ్తిసామ్